పదకొండు అడుగులు

హాల్లో దీపాలింకా ఆర్పలేదు. చప్పుళ్ళ మాస్టారు ఎడమ చెవిలో మిషనును వేలితో ఓసారి నొక్కి చూసుకున్నాడు, చొక్కా జేబులో విడి బ్యాటరీ వుందో లేదో తడుముకున్నాడు, వుంది, బస్సులోనూ వుంది, ఇంటి గడప దాటేటప్పుడూ వుంది, ఎక్కడికి పోతుంది. కుడి చెవి పోయి మూడేళ్ళు. ఎడమది వచ్చే వానాకాలం దాకా వుంటే వున్నట్టు అన్నాడు డాక్టరు, బల్ల మీద కాయితాలు సర్దుకుంటూ, వాన వస్తే గొడుగు పట్టుకెళ్ళమన్నంత తేలిగ్గా. వానదేముంది, వాన ఆయన చేతిలో పనే. అట్టపెట్టె మీద ఎండుగింజలు జారవిడిస్తే జల్లు, కాగే నూనె మూకుట్లో తడిచెయ్యి విదిలిస్తే కుంభవృష్టి. నలభై ఏళ్ళపాటు సినిమాల్లో వానలు కురిపించాడు, ఒక్కదాన్లోనూ తడవలేదు. ఇప్పుడు ఆయనకు కావలసింది వాన కాదు, ఈదురుగాలి కాదు, గుర్రపు డెక్కలు కాదు. ఆరో రీలు చివర, ఆసుపత్రి వసారాలో, కథలోని పిల్ల నడిచే పదకొండు అడుగులు. తెర మీద నడిచేది ఆ పిల్ల. చప్పుడు ఆయన భార్యది. ఆమె పోయి ముప్పై అయిదేళ్ళయింది. ఫొటోలు రెండున్నాయి, ఒకదాంట్లో కళ్ళు మూసుకుంది. గొంతు ఎక్కడా లేదు. తలుపుల కిర్రూ, పక్షుల రెక్కలూ, పరాయివాళ్ళ దగ్గూ పట్టి దాచిన మనిషి సొంత భార్య మాట ఒక్కటి పట్టి దాచుకోలేదు. ఎదురుగా వున్న మనిషిని ఎవరు దాచుకుంటారు. మిగిలినవి ఆ పదకొండు అడుగులే, వాటినీ ఈ ముప్పై అయిదేళ్ళలో మళ్ళీ విన్నది లేదు, ప్రింటే లేకుండా పోయింది. ఇప్పుడు ఎక్కడో గోడౌనులో దొరికిందట. బూజు దులిపి, గీతలు చెరిపి, శబ్దం కడిగి, ఈ ఒక్క రోజు ఈ ఒక్క ఆట. కడగడమంటేనే ఆయనకు గుబులు. చాకిరేవులో గుండీలు ఊడొచ్చినట్టు, కడిగిన చేతులు ఏమేం ఊడబెరికాయో.

"ఎన్ని రీళ్ళు నాన్నా మొత్తం?" అంది పక్క కుర్చీలోంచి కూతురు. బళ్ళో లెక్కలు చెప్తుంది. సెలవు చీటీలో తండ్రికి ఒంట్లో బాగాలేదని రాసి వచ్చింది, సినిమాకని ఎలా రాస్తుంది.

"పదహారు."

"ఆరో రీలు చివరంటే గంట. తర్వాత వుందామా, పోదామా?"

"బావుంటే వుందాం, లేకపోతే పోదాం."

"బావుండకపోవడమేంటి, నువ్వు చేసిన సినిమా కదా!"

"చేశాను గానీ, నేనెప్పుడు చూశానే."

పక్కనున్న పిల్ల నవ్వింది. పిల్లేమిటి, చెవుల పక్కన నెరుపు కనిపిస్తోంది. తల్లి పోయేనాటికి ఆరేళ్ళు. జ్వరం వచ్చిన రాత్రుల్లో నుదుటి మీద పడ్డ చల్లటి అరచెయ్యి ఒకటే గుర్తు దానికి, ఆ చెయ్యి తల్లిదో మేనత్తదో కూడా తెలీదంటుంది. అందుకే చిన్నప్పుడు అన్నం తిననని మొరాయిస్తే ఆయన ఈ కథే చెప్పేవాడు. మీ అమ్మ సినిమాలో నడిచిందే, నువ్వు కడుపులో వున్నావు అప్పుడు, రాతిపలక మీద టకటకా నడిచింది, ఒకటీ రెండూ మూడూ, పదకొండు దాకా లెక్కపెట్టి ముద్ద పెట్టేవాడు. పదకొండు ముద్దలు. ఆ లెక్కలే పెరిగి పెద్దవై బళ్ళో నల్లబల్ల దాకా వెళ్ళాయేమో. ఇవాళ గళ్ళ చీర కట్టుకుని, పెళ్ళిచూపులకు వచ్చినదానిలా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తల్లిని చూడ్డానికి కాదు, వినడానికి వచ్చింది. మొదటిసారి.

దీపాలారాయి. పేర్లు పడుతున్నాయి. ఆయన పేరు దాదాపు చివర, ఇస్త్రీ చేసినాయన పేరుకి పైన. ఆమె పేరు ఎక్కడా లేదు, అప్పుడూ లేదు. తెర మీద ఓ ముసలాయన తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. ఆ తలుపు స్టూడియోలో పాత బీరువాది, బందులకి ఉప్పునీళ్ళు కొట్టి తుప్పు పట్టించి పెంచుకున్న కిర్రు అది, వేరే కంపెనీవాళ్ళు అరువడిగేవారు. ముసలాయన కుర్చీలో కూలబడ్డాడు, అది తోలుసంచీని పిసికిన చప్పుడు. పొయ్యి రాజేశారు, గరగరలాడే కాయితం నలిపిన చప్పుడు. ఇదీ ఆయన ఖర్మ. జనానికి తెర మీద ఇల్లు కనిపిస్తుంది, ఆయనకు బీరువా, సంచీ, కాయితం కనిపిస్తాయి. అరిటాకు మీద విందు వడ్డిస్తే ఆకుకోసిన కత్తిని చూస్తూ కూర్చునేవాడిలాగ. సినిమాకి వెళ్ళి మోసపోకుండా తిరిగొచ్చినవాడు ఏం సుఖపడ్డట్టు? మోసపోవాలనే కదా ఇంత చీకట్లో ఇంతమంది కూర్చునేది.

ఆయన నాయనమ్మ మోసపోయింది, అదీ మోసపోవడం. ఊరి బయట పొలంలో గుడారం వేసి సినిమా ఆడిస్తుంటే మనవణ్ణి చంకనేసుకుని వెళ్ళింది. మట్టి నేల, ముందు వరసలో గోనె పట్టా. తెర మీద ఉరుము ఉరిమి వాన మొదలయింది, అంతే, "అయ్యో, నా గింజలు!" అని లేచింది ముసల్ది. పెరట్లో ఆరబోసి వచ్చిన గింజలు. మనవణ్ణి అక్కడే వదిలేసి, జనాన్ని తొక్కుకుంటూ, గుడారం గుడ్డ ఎత్తి బయటికి పరుగెత్తింది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. తిరిగొచ్చి కూర్చుని, ఓసారి తెరని, ఓసారి గుడారం చిరుగులోంచి పడుతున్న ఎండని చూసి, "వీళ్ళ వాన వీళ్ళదేనంట" అని కొంగుతో మొహం తుడుచుకుంది. గుడారం గుడారం నవ్వింది. వాడు నవ్వలేదు. ఆ వాన ఎవడు కురిపించాడో వాడి దగ్గరికి పోవాలని ఆ పూటే అనుకున్నాడు. పోయాడు. పోయి చూస్తే ఎండుగింజలు, అట్టపెట్టె. నాయనమ్మ గింజల కోసం పరుగెత్తితే ఆ వానా గింజలే. ఆ సంగతి ఆమెకి చెబుదామనుకునేలోగా ఆమె లేదు.

వెనక వరసలో ఇద్దరు కుర్రవాళ్ళు కదులుతున్నారు. కుర్చీ కిర్రుమంటోంది. కుర్చీల కిర్రుని బట్టి సినిమా సంగతి చెప్పెయ్యొచ్చు, ఎన్నిసార్లు హాలు వెనక నిలబడి తెరకి వీపు పెట్టి విన్నాడు. బాగున్న సినిమాకి కుర్చీలు మాట్లాడవు. బాగులేనిదానికి ముందు కుర్చీలు, తర్వాత దగ్గులు, ఆ తర్వాత చెప్పులు వెతుక్కునే పాదాలు. చివరి రోజుల్లో చేసినవాటిలో ఆ అవస్థే వుండేది కాదు, చప్పుడు పెంచెయ్ మాస్టారూ అనేవారు, హీరో చెంపమీద కొడితే మేడ కూలినట్టుండాలి, జనం కుర్చీలు కదిలినా వినపడకూడదు. తడి తువ్వాలుతో తోలు దిండుని కొట్టి కొట్టి భుజం పట్టేసింది. మేడలు కూలాయి, జనం చెవులు మూసుకున్నారు, చెవులు మూసుకున్నవాడికి కథేం చెబుతాం. మోసపోవడానికి వచ్చినవాణ్ణి మోసం చెయ్యడం చేతగాక బెదరగొట్టి పంపించారు. "ఒరే, మరీ నెమ్మదిగా వుందిరా, టీ తాగొద్దామా" అన్నాడు వెనక ఒకడు. "కూర్చోరా, ఏసీ చల్లగా వుంది" అన్నాడు రెండోవాడు. వాడి ఫోను వెలుగు మాస్టారి భుజం మీద పడి పోయింది.

మూడో రీలు. ఆ పిల్ల తండ్రితో పోట్లాడి ఇంట్లోంచి వెళ్ళిపోతోంది, గులకరాళ్ళ బాట. ఈ అడుగులు భార్యవేనా? కాదు, ఇది మొదట్లో చేసింది, అప్పటికి ఆడవాళ్ళ అడుగులు కూడా ఆయనే వేసేవాడు. చూడు, ఎడమ కాలు. చిన్నప్పుడు గడ్డివామి మీంచి పడ్డ కాలు, మడమ ముందు ఆని, ముందరి పాదం రవ్వంత ఆలస్యంగా వాల్తుంది. రికార్డిస్టు అద్దాల గదిలోంచి పగలబడి నవ్వేవాడు. "మాస్టారూ, మీ హీరోయిను నీళ్ళకుండ మోస్తోందా ఏంటి? ఆ ఎడమకాలు రాగం తీస్తోందేం?" అనేవాడు. అప్పుడే ఒకరోజు భోజనం క్యారియరు పట్టుకుని ఆమె వచ్చింది. నువ్వు నడిచి చూడవే అంటే, "నడవడానిక్కూడా మనుషుల్ని పిలుచుకోవాలా మీ దగ్గర?" అంది. చెప్పులు విప్పి, కంపెనీవాళ్ళ బూట్లు తొడుక్కుని, రాతిపలక మీద నిలబడి, తెరవంక చూసి నడిచింది. మొదటిసారికే కుదిరింది. ఎలా కుదిరిందే, నేను కాళ్ళనే చూస్తూ వేస్తాను, అయినా వెనకబడతాను అంటే, "కాళ్ళెందుకు చూస్తారు? మొహం చూడండి. అడుగు ఎప్పుడు పడుతుందో మొహం ముందే చెబుతుంది" అంది. ఆ తర్వాత రికార్డిస్టు ఆమెను అక్కయ్యగారూ అనే పిలిచాడు.

ఆమె తాను నడిచిన సినిమాకే వెళ్ళి ఏడ్చేది. చంకలో పసిపిల్ల, ముక్కు చీదుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, ఆయన తువ్వాలు లాక్కుని తుడుచుకునేది. ఇంటికొచ్చేదాకా పట్టలేక దారిలోనే అడిగాడు, నువ్వే కదే నడిచింది, రాతిపలక మీద, నా కళ్ళముందు, దేనికి ఏడుపు అని. "నేనెక్కడ నడిచానండీ, ఆ పిల్ల నడిచింది" అంది. పైగా ఆయనవంక జాలిగా చూసింది, నాలుగు రోజులై తిండి లేనివాణ్ణి చూసినట్టు. "మీకేమీ అనిపించలేదా?" "ఏముంది అనిపించడానికి, ఏడో అడుగు దగ్గర కాస్త సవ్వడి తగ్గింది." "పాపం" అంది. అంతే. పాపం అన్న ఆ మాట ఎలా అంది? పెదవులు గుర్తున్నాయి, పిల్లని ఎగేసుకుంటూ ఒకవైపు వొరిగిన భుజం గుర్తుంది, గొంతు మాత్రం వొట్టి గాలి. ఆయన చెవి లోపల ఎంత వెతికినా బీరువా కిర్రు దొరుకుతుంది, గుర్రాలు దొరుకుతాయి, ఆ ఒక్క మాట దొరకదు.

"నాన్నా, నీళ్ళు తాగుతావా?"

"ఊహూ."

"మళ్ళీ జేబు తడుముకుంటున్నావ్."

"బ్యాటరీ."

అయిదో రీలులో సగం. తండ్రికి ప్రాణం మీదికొచ్చిందని కబురు, పిల్ల రైలెక్కింది. రైలు చప్పుడు అసలైనదే, అది ఒక్కటీ ఎవరూ చెయ్యలేరు. కిటికీ పక్కన మౌనంగా కూర్చుంది. ఇక్కడ మౌనం ఎలా వుందో చూడాలి. నిశ్శబ్దం అంటే ఊరికే రాదు, దాన్నీ పట్టాలి. ఈ సంగతి బయటివాళ్ళకి చెబితే నవ్వుతారు. ఏ గదిలో చప్పుళ్ళు పట్టారో ఆ గదిని ఖాళీ చేసి, అందర్నీ బయటికి పంపి, తలుపేసి, ఖాళీ గది చప్పుడు ఓ నిమిషం పట్టి పెట్టుకుంటారు. ఖాళీ అంటారు దాన్ని వాళ్ళ భాషలో. ఖాళీ తీశావా అంటే తీశాను అనాలి. గోడలు, గాలి, దూరపు రోడ్డు, ఏదో వుంటుంది అందులో, ఎవరూ వినరు, అది వుంటే ఎవరికీ తెలీదు, లేకపోతే అందరికీ తెలుస్తుంది. ఓసారి బద్ధకించి ఖాళీ బదులు వొట్టి టేపు అతికించేశారు. పరీక్ష ఆటలో సరిగ్గా అక్కడికి రాగానే జనం తలలు తిప్పి వెనక మిషను గది వైపు చూశారు, మిషను చచ్చిపోయిందనుకుని. తల్లి శవం పక్కన కొడుకు కూర్చున్న ఘట్టం అది. కొడుకుని వదిలేసి మిషను గోడు పట్టుకున్నారు. అప్పటినుంచీ ఆయనకొక భయం, చచ్చిన నిశ్శబ్దమంటే. ఇప్పుడు చెవిలో మిషను తీసేస్తే రాత్రంతా అదే.

ఆరో రీలు. ఆసుపత్రి మెట్లు. గుమాస్తా కాయితం మీద వేలు పెట్టి చూపించాడు, చివరి గది. వసారా. పొడుగు వసారా, అటూ ఇటూ తలుపులు, చివర మూసిన తలుపు. కూతురి చెయ్యి వచ్చి ఆయన చేతిమీద పడింది. ఆయన మిషను చక్రం చివరికంటా తిప్పాడు.

ఒకటి. రాతి మీద మడమ. శుభ్రంగా వుంది, ఎంత శుభ్రంగా కడిగారు, ఆనాటి హాళ్ళలో ఇంత వినపడిందా, ఆ బొంగురు స్పీకర్లలో అన్నీ గుంపుగా వినపడేవి. రెండు. మూడు. ఏమిటది. నాలుగు. ఎడమది ఆగి వాలింది. కాదు, ఆసుపత్రి వసారా పొడుగు కదా, ప్రతిధ్వని. అయిదు, కుడి. ఆరు, ఎడమ, మడమ ముందు, ముందరి పాదం రవ్వంత తర్వాత. గడ్డివామి మీంచి పడ్డ కాలు. కూతురి చెయ్యి బిగిసింది. చీకట్లో అది తలతిప్పి తనవంక చూస్తోందని ఆయనకు తెలుస్తోంది, దానికి తెలీదా ఈ నడక, చిన్నప్పుడు మంచం మీద పడుకుని వసారాలో ఈ అడుగు వినగానే కథల పుస్తకం దిండుకింద దోపి నిద్ర నటించేది. ఏడు. నేనే. నేనే నడిచాను. ముప్పై అయిదేళ్ళు, పదకొండు ముద్దలు, మీ అమ్మ నడిచిందే అని ఎన్నిసార్లు, అబద్ధం చెప్పలేదు, చెప్పిచెప్పి నిజమని నమ్మాను, సినిమా చూసొస్తూ దారిలో ఆమెతో అన్న మాటల్ని కూడా దానికి తగ్గట్టే గుర్తుపెట్టుకున్నాను, ఆమె నడిచింది కదా క్యారియరు తెచ్చిన ఆ పొద్దున, తొమ్మిది అడుగులు, ఓకే కూడా అన్నారు, ఎనిమిది, తర్వాత కూర్పు గదిలో వసారా ఘట్టం పొడుగు పెంచారు, తొమ్మిది పదకొండయ్యాయి, మళ్ళీ నడవమంటే ఏడోనెల, మధ్యాహ్నానికి పాదాలు వాచి బూట్లు ఎక్కలేదు. బూట్లు మడమ దగ్గర కోసి నేను తొడుక్కున్నాను. "ఎడమ కాలు సాగుతోంది, సాగనివ్వండి మాస్టారూ, ఆ పిల్ల భయపడుతూ నడుస్తోందిగా" అన్నాడు రికార్డిస్టు, ఆ రోజొక్కటీ నవ్వలేదు. తొమ్మిది. ఎంత దూరం వచ్చాను నా నడక నేను వినడానికి. పది. ఆమె లేదు. ఇక్కడా లేదు. దీన్ని పక్కన కూర్చోబెట్టుకుని మరీ. పదకొండు.

తెర మీద పిల్ల మూసిన తలుపు ముందు ఆగింది. చెయ్యెత్తింది, కొట్టలేదు. లోపల తండ్రి వున్నాడో లేడో తలుపు తీస్తేగాని తెలీదు. హాల్లో చప్పుడు లేదు.

ఇక్కడ సంగీతం పెడతానన్నాడు డైరెక్టరు, వద్దన్నారు ఇద్దరూ, రికార్డిస్టూ తనూ. ఖాళీ వెయ్యండి అన్నారు. ఏ ఖాళీ? ఆ సాయంత్రం తీసిన ఖాళీ. అందర్నీ బయటికి పొమ్మన్నాడు రికార్డిస్టు. అందరూ పోయారు. ఆమె గోడవారగా ముక్కాలి పీట మీద కూర్చుని వుంది, వాచిన పాదాలు చాపుకుని, పొట్టమీద రెండు చేతులూ వేసుకుని. లేవబోయింది. "మీరు లేవకండి అక్కయ్యగారూ, లేచి కూర్చునేసరికి తెల్లారుతుంది, కదలకుండా వుండండి చాలు" అన్నాడు. సరేనన్నట్టు తలాడించింది. తను కోసిన బూట్లతోనే రాతిపలక మీద నిలబడిపోయాడు, కదిలితే బూటు కిర్రుమంటుందని. ఎదురుగా ఆమె. ఊపిరి బిగపట్టింది, బుగ్గలు రెండూ పొంగాయి, కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి, నవ్వు తన్నుకొస్తే ఏం చెయ్యాలో తెలీక పొట్టవంక వేలు చూపించింది, లోపలిది తంతోందని. నిమిషం. చప్పుడు చెయ్యకుండా వుండడమే ఆమె ఆ సినిమాకు చేసిన పని.

ఇది వొట్టి టేపు కాదు. కడిగినవాళ్ళు దీన్ని ముట్టుకోలేదు, ఏమీ లేదనుకుని వదిలేసి వుంటారు. ఎడమ చెవి నిండా సన్నగా, వెచ్చగా, గోడలున్న గాలి. కుర్చీలు మాట్లాడడం లేదు. వెనక కుర్రవాడి ఫోను ఎప్పుడో ఆరిపోయింది. హాలు మొత్తం ఊపిరి బిగపట్టింది, ఆమెతోపాటు.

"నాన్నా." కూతురి పెదాలు మిషనుకి ఆనుతున్నాయి. "ఆ నడక నీదే కదా."

"ఆఁ. నాదే."

అది చెయ్యి లాక్కోలేదు. "మరి అమ్మ?"

"ఇదిగో, ఇదే. ఇప్పుడు వింటున్నావే. గదిలో మీ అమ్మ కూర్చుని వుంది. నువ్వూ వున్నావ్. విను."

అది విన్నది. ముందుకి వొంగి, నోరు కొంచెం తెరిచి, నల్లబల్ల ముందు లెక్క తేలని పిల్లలా విన్నది. దాని ఊపిరి ఆగింది. తెర మీద పిల్ల ఎత్తిన చెయ్యి ఇంకా గాల్లోనే వుంది, వేళ్ళు ముడుచుకున్నాయి, కొట్టబోతోందని మొహం ముందే చెప్పింది, ఆ తర్వాత తలుపు మీద రెండు దెబ్బలు పడ్డాయి.

ఆ రెండు దెబ్బలూ ఎండిన చెక్క మీద మాస్టారి వేలి కణుపులవే. ఆ సంగతి ఆయనకు తట్టలేదు. కుర్చీ అంచుకి జరిగి, కూతురి చెయ్యి పట్టుకుని, తలుపు ఎవరు తీస్తారా అని చూస్తున్నాడు.